క్లోజపిన్ మాత్ర, దాని వెంట రక్తపరీక్ష: ఇంటివారు తెలుసుకోవలసిన సంగతులు



మానసిక వైద్య విభాగానికి వచ్చే కుటుంబాలవారు రక్తం తీసే గది దగ్గర మా నర్సులను తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటారు. "సిస్టరమ్మా, జబ్బు తలలో ఉంటే వారం వారం చేతిలో రక్తం తీస్తారేమిటి? ఉన్న కాస్త రక్తం ఇలా లాగేస్తే మావాడికి ఇంకేం మిగులుతుంది?" అని. అది న్యాయమైన ప్రశ్నే. క్లోజపిన్ మాత్ర వాడేవారి ఇంట్లో ప్రతి ఒక్కరికీ దీనికి జవాబు తెలిసి ఉండాలి. ఈ మాత్ర చేసే మేలు చాలా పెద్దది. జాగ్రత్త తప్పితే వచ్చే ప్రమాదం కూడా పెద్దదే. అందుకే ఈ సంచికలో దీనిని గురించి వివరంగా రాస్తున్నాము.

ఏ జబ్బుకు ఇస్తారు?

క్లోజపిన్‌ను ముఖ్యంగా స్కిజోఫ్రీనియా అనే జబ్బుకు ఇస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సుమారు 300 మందిలో ఒకరికి ఈ జబ్బు ఉంటుంది. చాలామందిలో ఇది చదువు ముగిసి ఉద్యోగం, పెళ్లి అనుకునే వయసులో బయటపడుతుంది. ఎదురుగా ఎవరూ లేకపోయినా మాటలు వినపడతాయి. ఇరుగుపొరుగువారు, చివరకు సొంతవారు కూడా తనకు కీడు తలపెట్టారని గట్టిగా నమ్ముతారు. మాటకు మాటకు పొంతన ఉండదు. స్నానం, తిండి, పని పట్టించుకోరు. నలుగురిలోకి రావడం మానేస్తారు.

ఇది మెదడుకు వచ్చే జబ్బు. దయ్యం పట్టడం కాదు, చేతబడి కాదు, తల్లి పెంపకంలో లోపం కాదు. పుట్టు గ్రుడ్డివానిని చూచి ఇతడు ఎవరి పాపం వల్ల ఇలా పుట్టాడని శిష్యులు అడిగినప్పుడు, అది అతని పాపం వల్లా కాదు, అతని తల్లిదండ్రుల పాపం వల్లా కాదని ప్రభువు చెప్పిన సంగతి మనకు తెలుసు. ఈ జబ్బు ఉన్న ఇంటివారిని చూచి గుసగుసలాడేవారు ఆ సంగతి జ్ఞాపకం ఉంచుకోవాలి.

1952లో పారిస్ నగరంలోని సెయింట్ ఆన్ ఆసుపత్రిలో డిలే, డెనికర్ అనే వైద్యులు క్లోర్‌ప్రొమజిన్ అనే మందు ఇచ్చి చూసేవరకు ఈ జబ్బుకు సరైన మందే లేదు. ఆ తరువాత హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, ఒలాంజపిన్ వంటివి ఎన్నో వచ్చాయి. వీటితో చాలామంది కోలుకుంటున్నారు. కాని ప్రతి 10 మందిలో సుమారు ముగ్గురికి ఇవి సరిపడినంత గుణం ఇవ్వవు. రెండు వేర్వేరు మందులను సరైన మోతాదులో, ఒక్కొక్కటి కనీసం ఆరు వారాలు సక్రమంగా వాడినా లక్షణాలు తగ్గకపోతే, అప్పుడు డాక్టరుగారు క్లోజపిన్ గురించి ఆలోచిస్తారు. అటువంటివారికి ఇంతకంటె బాగా పనిచేసే మందు ఇప్పటికీ లేదు.

ఈ మాత్ర కథ

క్లోజపిన్‌ను 1950ల చివరిలో స్విట్జర్లాండ్ దేశంలోని బెర్న్ నగరంలో వాండర్ అనే కంపెనీ తయారు చేసింది. అప్పటి మందులు చాలావరకు చేతులు వణికించేవి, ఒళ్లు బిగుసుకుపోయేలా చేసేవి. ఈ మందు అలా చేయకపోవడం చూసి వైద్యులు ఆశ్చర్యపోయారు. 1970లలో యూరపు దేశాలలో దీని వాడకం మొదలయింది.

అయితే 1975లో ఫిన్లాండ్ దేశంలో ఒక దుర్వార్త వెలువడింది. ఈ మందు వాడుతున్నవారిలో కొందరికి రక్తంలోని తెల్లకణాలు ఒక్కసారిగా పడిపోయాయి. వారిలో 8 మంది ఇన్ఫెక్షన్ సోకి చనిపోయారు. దానితో అనేక దేశాలలో ఈ మందును ఆపివేశారు. చాలామంది వైద్యులు దీని సంగతి ఇక ముగిసిందనుకున్నారు.

కాని ఏ మందుకూ లొంగని రోగులు అలాగే మిగిలిపోయారు. 1988లో అమెరికాలో డాక్టర్ జాన్ కేన్, ఆయన సహచరులు అంతకు ముందు మందులతో గుణం కనపడని 268 మందిపై చేసిన పరిశోధనను ప్రచురించారు. ఆరు వారాలలో క్లోర్‌ప్రొమజిన్ వాడినవారిలో 100కు నలుగురికి మాత్రమే గుణం కనిపిస్తే, క్లోజపిన్ వాడినవారిలో 100కు 30 మందికి కనిపించింది. మరుసటి సంవత్సరం, 1989లో, క్రమం తప్పకుండా రక్తపరీక్ష చేయాలనే షరతుతో అమెరికా ప్రభుత్వం ఈ మందును అనుమతించింది. రక్తపరీక్ష వల్లనే ఈ మందు తిరిగి రోగుల చేతికి వచ్చింది. అది లేకపోతే ఈ మందు ఫిన్లాండ్ వార్తతోనే మరుగున పడిపోయేది.

మరొక మేలు కూడా చెప్పుకోవాలి. స్కిజోఫ్రీనియా ఉన్నవారిలో ఆత్మహత్యలు ఎక్కువ. 2003లో ప్రచురించిన ఒక పెద్ద పరిశోధనలో 980 మందిని రెండు సంవత్సరాలు గమనించారు. ఒలాంజపిన్ వాడినవారికంటె క్లోజపిన్ వాడినవారిలో ఆత్మహత్యా ప్రయత్నాలు తక్కువగా ఉన్నాయి. బిడ్డ ప్రాణం గురించి రాత్రిళ్లు నిద్రలేకుండా కాపలా కాసిన తల్లిదండ్రులకు ఈ మాట విలువ తెలుస్తుంది.

రక్తం ఎందుకు తీస్తారు?

మన ఎముకల్లోని మూలుగలో రక్తకణాలు తయారవుతాయి. వాటిలో తెల్లకణాలు మన శరీరానికి కావలివాళ్లవంటివి. లోపలికి వచ్చిన క్రిములను ముందుగా ఎదుర్కొనే తెల్లకణాలను న్యూట్రోఫిల్స్ అంటారు. క్లోజపిన్ వాడే 100 మందిలో ఒకరికంటె తక్కువమందిలో ఈ న్యూట్రోఫిల్స్ ప్రమాదకరంగా పడిపోతాయి. అలా పడిపోయినప్పుడు మొదట్లో మనిషికి ఏమీ తెలియదు. తింటాడు, తిరుగుతాడు. తరువాత చిన్న ఇన్ఫెక్షన్ కూడా ప్రాణం మీదికి తెస్తుంది. పైకి తెలియని ఈ సంగతి రక్తపరీక్షలో ముందుగానే బయటపడుతుంది. అప్పుడు మందు ఆపితే చాలామందిలో కణాలు తిరిగి పెరుగుతాయి.

మందు మొదలు పెట్టడానికి ముందు ఒక మైక్రోలీటరు రక్తంలో న్యూట్రోఫిల్స్ కనీసం 1500 ఉండాలి. తరువాత ఆ లెక్క తగ్గితే పరీక్షలు త్వరత్వరగా చేయించాలా, మందు ఆపాలా అనేది డాక్టరుగారు నిర్ణయిస్తారు.

ఈ ప్రమాదం మొదటి 18 వారాలలో ఎక్కువ. అందుకే ఆ రోజులలో వారానికొకసారి పరీక్ష ఉంటుంది. తరువాత పరీక్షల మధ్య ఎడం పెరుగుతుంది. ఎప్పుడెప్పుడు రావాలో మీ పుస్తకంలో డాక్టరుగారు రాస్తారు. 2025లో అమెరికా ప్రభుత్వం పరీక్ష ఫలితం నమోదు చేస్తేనే మందు ఇవ్వాలనే నిబంధనను ఎత్తివేసింది. ఆ వార్త విని "ఇక పరీక్ష అక్కర్లేదట" అనుకునేవారు ఉండవచ్చు. అది పొరపాటు. పరీక్ష చేయించాలనే సలహా అక్కడా అలాగే ఉంది.

ఇక "ఏం మిగులుతుంది?" అన్న మాటకు జవాబు. ఒకసారికి మేము తీసేది 2 లేక 3 మిల్లీలీటర్లు. అంటే చిన్న టీ చెంచాలో సగం. పెద్దవారి శరీరంలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. మేము తీసిన కాస్త రక్తం శరీరం త్వరలోనే తయారు చేసుకుంటుంది.

జ్వరం, గొంతునొప్పి వస్తే

క్లోజపిన్ వాడేవారికి జ్వరం, గొంతునొప్పి, నోటిలో పుండ్లు, చలితో వణుకు వస్తే అదే రోజు ఆసుపత్రికి రావాలి. మందుల షాపులో జ్వరం బిళ్ల కొని వేసి రెండు రోజులు చూద్దాం అనుకోవద్దు. తరువాతి పరీక్ష తేదీ వచ్చేవరకు ఆగవద్దు. కౌంటరు దగ్గర "క్లోజపిన్ వాడుతున్నాము" అన్న మాట ముందుగా చెప్పండి.

మొదటి కొన్ని వారాలలో ఛాతీనొప్పి, ఆయాసం, గుండెదడ వచ్చినా ఆలస్యం చేయవద్దు. అరుదుగా ఈ మందు గుండె కండరానికి వాపు తెస్తుంది.

షాపులో సొంతంగా యాంటీబయాటిక్ కొనవద్దు. అందరికీ తెలిసిన సిప్రోఫ్లాక్సాసిన్ మాత్ర కూడా రక్తంలో క్లోజపిన్ మోతాదును పెంచివేస్తుంది. అలాగే మూర్ఛకు ఇచ్చే కార్బమజెపిన్‌ను దీనితో కలిపి వాడకూడదు. అదీ తెల్లకణాలను తగ్గించగలదు.

రెండు రోజుల నియమం

ఒక కుటుంబం సంగతి చెబుతాము. వారి అనుమతితోనే రాస్తున్నాము. పేరు, ఊరు రాయడం లేదు.

ఆ అబ్బాయికి ఎన్నో మందులు మార్చిన తరువాత క్లోజపిన్‌తో గుణం కనిపించింది. వినపడే మాటలు తగ్గాయి. చాలా సంవత్సరాల తరువాత ఇంట్లోవారితో కూర్చుని అన్నం తిన్నాడు. ఆ సంతోషంలో కుటుంబమంతా పొరుగూరిలో కన్వెన్షన్ సభలకు వెళ్లారు. మాత్రల సంచి ఇంట్లో మరచిపోయారు. మూడు రాత్రులు మాత్ర లేదు. నాలుగో రోజు ఇంటికి చేరగానే తల్లి ఎప్పటిలాగే 300 మిల్లీగ్రాములు వేసింది. తెల్లవారుజామున అతడు బాత్‌రూమ్ దగ్గర కళ్లు తిరిగి పడిపోయాడు. ఆసుపత్రికి తెచ్చేసరికి బి.పి. చాలా తక్కువగా ఉంది.

"మూడు రోజులే కదా సిస్టరమ్మా, మానేసిన మాత్ర మళ్లీ వేశాను. తప్పు చేశానా?" అని ఆ తల్లి ఏడ్చింది.

ఆమె తప్పు చేయలేదు. తప్పు మాది. మాత్ర మానవద్దని ఎన్నోసార్లు చెప్పాము గాని, మానితే మళ్లీ ఎలా మొదలు పెట్టాలో చెప్పలేదు. క్లోజపిన్‌కు శరీరం మెల్లమెల్లగా అలవాటు పడుతుంది. అందుకే మొదటి రోజు 12.5 మిల్లీగ్రాములతో, అంటే 25 మిల్లీగ్రాముల మాత్రలో సగంతో మొదలుపెట్టి, రోజులు గడిచేకొద్దీ పెంచుతారు. చాలామందికి రోజుకు 300 నుండి 450 మిల్లీగ్రాముల వరకు అవసరమవుతుంది. 48 గంటలకు మించి మాత్ర తప్పితే ఆ అలవాటు పోతుంది. అప్పుడు పాత మోతాదు ఒక్కసారిగా వేస్తే బి.పి. పడిపోతుంది, గుండె వేగం మందగించవచ్చు, ఫిట్స్ కూడా రావచ్చు.

ఆ అబ్బాయికి మళ్లీ సగం మాత్రతో మొదలు పెట్టాము. పాత మోతాదుకు చేరడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలలో వినపడే మాటలు కొన్ని తిరిగి వచ్చాయి. అవి మళ్లీ తగ్గేవరకు ఆ తల్లి వార్డులో నేలమీద చాప వేసుకుని పడుకుంది.

ఆనాటి నుండి క్లోజపిన్ వాడే ప్రతివారి పుస్తకం మొదటి పేజీలో ఎర్ర సిరాతో ఒక మాట రాస్తున్నాము: "రెండు రోజులు మాత్ర తప్పితే ఇంట్లో వేయవద్దు, ఆసుపత్రికి రండి." మీ పుస్తకంలో ఆ మాట లేకపోతే మమ్మల్ని అడిగి రాయించుకోండి. ఒక పూట మాత్రమే తప్పితే తరువాతి పూట మామూలు మోతాదే వేయండి. రెండు పూటలవి కలిపి వేయవద్దు.

బీడీ, సిగరెట్టు సంగతి

ఇది వింటే చాలామందికి వింతగా ఉంటుంది. పొగాకు పొగ వల్ల కాలేయం క్లోజపిన్‌ను త్వరత్వరగా విరిచివేస్తుంది. బీడీలు బాగా కాల్చేవారికి అందుకు తగినట్టు ఎక్కువ మోతాదు పడుతుంది. అటువంటివారు ఒక్కసారిగా బీడీ మానేస్తే, అదే మాత్ర రక్తంలో కొద్ది రోజులలోనే ఎక్కువవుతుంది. విపరీతమైన మత్తు, తూలడం, ఫిట్స్ రావచ్చు.

బీడీ మానవద్దని మేము చెప్పడం లేదు. తప్పకుండా మానాలి. అయితే మానే ముందు డాక్టరుగారికి చెప్పాలి. వారు మాత్ర తగ్గిస్తారు. మానినవారు మళ్లీ మొదలు పెట్టినా చెప్పాలి. మీ అబ్బాయి చాటుగా కాలుస్తున్నాడని తెలిస్తే దాచవద్దు. మేము తిట్టము.

సిగ్గుపడి చెప్పని సంగతి

మలబద్ధకం. ఇది అందరిముందు చెప్పడానికి చాలామంది సిగ్గుపడతారు. క్లోజపిన్ పేగుల కదలికను బాగా తగ్గిస్తుంది. పట్టించుకోకపోతే పేగు పూర్తిగా మూసుకుపోయి ప్రాణం పోవచ్చు. నీళ్లు బాగా తాగాలి, ఆకుకూరలు, పండ్లు తినాలి, రోజూ నడవాలి. అవసరమైతే డాక్టరుగారు విరేచనపు మందు రాస్తారు. రెండు మూడు రోజులు విరేచనం కాకపోయినా, కడుపు ఉబ్బినా, కడుపునొప్పి, వాంతులు వచ్చినా వెంటనే చెప్పాలి. అబ్బాయి తనంత తాను చెప్పకపోవచ్చు. తల్లో, అన్నయ్యో, భార్యో రోజూ ఒక మాట అడగాలి.

మిగిలిన ఇబ్బందులు

నిద్రలో నోటివెంట చొంగ కారుతుంది. దిండుమీద తువ్వాలు వేయండి, ఒక పక్కకు తిరిగి పడుకోమనండి. ఎక్కువైతే దానికి మందు ఉంది. మొదట్లో మత్తుగా ఉంటుంది కాబట్టి మోటారుసైకిలు తాళం ఇవ్వవద్దు. మంచం మీదనుండి ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరుగుతాయి. కాసేపు కూర్చుని లేవమనండి. ఆకలి పెరిగి బరువు, షుగరు పెరుగుతాయి. అందుకే మేము బరువు చూస్తాము, అప్పుడప్పుడు పరగడుపున షుగరు పరీక్ష చేయిస్తాము. కూల్‌డ్రింకులు, మిఠాయిలు ఇంట్లో నిలువ ఉంచకండి.

ప్రార్థన చేసేవారు మాత్ర వేసుకోవచ్చునా?

మా దగ్గరకు వచ్చే విశ్వాసులలో కొందరు, మాత్ర మింగితే విశ్వాసం తగ్గినట్టేమో అని దిగులు పడతారు. ఉపవాస ప్రార్థనలలో స్వస్థత కలిగిందని మాత్ర ఆపివేసిన ఇళ్లు ఉన్నాయి. కొద్ది వారాలలో జబ్బు తిరగబెట్టి, ముందుకంటె ఎక్కువై వచ్చినవారిని మేము చూశాము. క్లోజపిన్ ఒక్కసారిగా ఆపితే జబ్బు చాలా తీవ్రంగా తిరిగి రావచ్చు.

సువార్తికుడైన లూకా వైద్యుడు. మంచి సమరయుడు దెబ్బలు తిన్నవానిని చూచి జాలిపడి ఊరకుండలేదు. గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టాడు. సత్రానికి చేర్చి, మరుసటి రోజు ఖర్చులకు డబ్బు ఇచ్చి, తిరిగి వస్తానని చెప్పి వెళ్లాడు. ఆ ఉపమానంలో మందు ఉంది, పరిచర్య ఉంది, మళ్లీ వచ్చి చూస్తాననే మాట కూడా ఉంది. వారం వారం మీరు రక్తపరీక్షకు రావడం అటువంటి పనే.

పాస్టరు అయ్యగార్లకు మా మనవి. ఈ బిడ్డల కోసం ప్రార్థన చేయండి. ప్రార్థన చేసిన తరువాత "మాత్ర వేసుకున్నావా నాయనా? ఈ వారం రక్తపరీక్ష అయిందా?" అని కూడా అడగండి. మీరు అడిగితే వారు వింటారు.

బీరువా తలుపుకు అంటించుకోవలసిన మాటలు

1. రక్తపరీక్ష తేదీ తప్పించవద్దు.
2. జ్వరం, గొంతునొప్పి, నోటిపుండ్లు వస్తే అదే రోజు ఆసుపత్రికి రావాలి.
3. రెండు రోజులు మాత్ర తప్పితే ఇంట్లో మళ్లీ మొదలు పెట్టవద్దు.
4. బీడీ, సిగరెట్టు మానినా, మొదలు పెట్టినా చెప్పాలి.
5. విరేచనం సంగతి రోజూ అడగాలి.
6. షాపులో సొంతంగా ఏ మందూ కొనవద్దు.
7. గుణం కనిపించిందని మాత్ర ఆపవద్దు.
8. ఊరు వెళ్లేటప్పుడు ముందుగా మాత్రల సంచి సర్దాలి.

చచ్చిపోవాలనే మాటలు వినపడినా, మీరే తట్టుకోలేని స్థితికి వచ్చినా ప్రభుత్వంవారి టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు.

పైన చెప్పిన అబ్బాయి ఇప్పుడు నెలకొకసారి రక్తపరీక్షకు తానే బస్సెక్కి వస్తున్నాడు. పుస్తకం తీసి ఎర్ర సిరా పేజీ మాకే చూపిస్తాడు. "అమ్మ రాలేదా?" అని అడిగితే, "అమ్మకు మోకాళ్లనొప్పులు సిస్టరమ్మా, నేనే వచ్చాను" అంటాడు. చొక్కా చెయ్యి మడిచి, పిలవకముందే కుర్చీలో కూర్చుంటాడు.

మీ ఇళ్లలో ఈ మాత్ర వాడేవారి విషయంలో ఏ సందేహమున్నా నర్సుల గదికి వచ్చి అడగండి. ఎన్నిసార్లు అడిగినా చెబుతాము. దేవుడు మీకును మీ కుటుంబములకును ఓర్పును, ఆరోగ్యమును దయచేయును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సుల తరఫున